హౌరా బండి ఎక్కిన అబ్బాయి



ఈ నెల కుటుంబ ప్రార్థన గురించి వ్రాద్దామని కూర్చున్నాము. రెండు పేజీలు వ్రాసి చింపివేశాము. మనస్సులో ఒకటి పెట్టుకొని వేరొకటి వ్రాస్తే చదివేవారికి తెలిసిపోతుంది గదా. కనుక మా సంఘంలోని ఒక అబ్బాయి సంగతి, అతడు నడిపే చేపల లారీ సంగతి వ్రాస్తున్నాము. అతడిని అడిగే వ్రాస్తున్నాము. "రాత్తే రాయండి అయ్యగారూ, పేరెందుకండీ, మా ఓనరు గారింట్లో కూడా ఈ పత్రిక కొంటారు" అన్నాడు. అందుచేత పేరు వ్రాయడం లేదు.

ఉండి సెంటరులో ఏ సాయంకాలమైనా ఒక గంట నిలబడితే చాలు, మన ప్రాంతపు బ్రతుకు కళ్ళ ముందే పోతుంది. కైకలూరు, ఆకివీడు వైపు నుండి వచ్చే లారీలు, భీమవరం వైపు పోయే లారీలు, వెనుక తలుపు సందుల్లోనుండి ధారగా కారే ఐసు నీళ్ళు. ఆ నీళ్ళు బట్టల మీద పడితే రెండు ఉతుకుల దాకా వాసన పోదు. ఆదివారం తెల్లబట్టలు కట్టుకొని గుడికి వచ్చే మా విశ్వాసులు ఆ లారీలను చూసి ఎన్ని మాటలు అంటారో మాకు తెలుసు. మేము కూడా అన్నవారమే. ఆ లారీలలో ఉండేవి బొచ్చె, శీలావతి, పంగాస్, రూప్‌చంద్. అందులో మనం తినేది తక్కువ. మనవాళ్ళు కొర్రమీను కావాలంటారు, సముద్రపు చేప కావాలంటారు. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి ఎక్కువగా బెంగాలుకు, అస్సాముకు, ఆ పైన ఉన్న కొండ రాష్ట్రాలకు పోతాయి. అక్కడివారు వాటిని చలానీ చేప అంటారట, పొరుగు నుండి వచ్చిన చేప అని. 2018 జూలైలో ఫార్మాలిన్ అనుమానం మీద అస్సాం ప్రభుత్వం పదిరోజులు బయటి చేపను ఆపివేసినప్పుడు ఇక్కడ చెరువుల మీద ఎంత దిగులు పడిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఈ అబ్బాయి తండ్రిది కొల్లేరులో ఒక లంక గ్రామం. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ తరువాత 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం వారు మందు పెట్టి పేల్చివేశారు. సరస్సు బ్రతకాలంటే ఆ పని జరగాలన్నవారు ఉన్నారు, అందులో నిజముంది. కానీ గట్టు మీద గుడిసె వేసుకొని కాపలా కాసి బ్రతికే మనిషికి ఆ గట్టే ఇల్లు గదా. వీళ్ళు పిల్లాడిని, రెండు బిందెలను, ఒక సైకిలును తీసుకొని ఉండి వచ్చేశారు. అప్పటికి పిల్లాడికి అయిదేళ్ళు. తండ్రి ఇక్కడి చెరువుల మీద మేత వేసే పనికి కుదిరాడు. తల్లి మా గుడిలో రెండవ వరుసలో, కిటికీ ప్రక్కన కూర్చునేది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటుంది.

పదవ తరగతి అయిపోయాక అబ్బాయి ప్యాకింగు షెడ్డులో చేరాడు. తెల్లవారుజామున చెరువు పట్టుబడి అవుతుంది. వల లాగి, కాటా వేసి, చేపలను షెడ్డుకు తెచ్చి, ప్లాస్టిక్ ట్రేలలో ఒక వరుస ఐసు, ఒక వరుస చేప, మళ్ళీ ఐసు సర్ది లారీలోకి ఎక్కిస్తారు. ఐసులో చేతులు పెట్టి పెట్టి గోళ్ళు తెల్లబడి ఊడిపోయే పని అది. రెండేళ్ళు చేశాక, ఇంతకంటే బండి ఎక్కడం మేలనుకొని క్లీనరుగా వెళ్ళాడు. 2020 మార్చిలో కరోనా వచ్చి దేశమంతా మూసివేసినప్పుడు వీళ్ళ బండి ఒడిశాలో ఉంది. దాబాలు మూసేశారు. టైరు ప్రక్కన స్టవ్వు పెట్టుకొని అన్నం వండుకొని, ఊరివాళ్ళు నీళ్ళు కూడా పట్టుకోనివ్వకపోతే కాలువ నీళ్ళు కాచుకొని త్రాగి తిరిగి వచ్చాడు. ఆ రోజుల్లో మేము ఇంట్లో కూర్చుని ఫోనులో ప్రసంగాలు పంపుతూ ఉండేవారము.

పెద్ద బండి లైసెన్సుకు ఇరవై ఏళ్ళు నిండాలి, చిన్న బండి లైసెన్సు వచ్చి సంవత్సరం కావాలి. అవి రెండూ అయ్యాక 2022లో స్టీరింగు పట్టుకున్నాడు. పట్టుకున్నాడని మనం తేలికగా అంటాము. అతని గురువుగారు (పెద్ద డ్రైవరును వీళ్ళు అలాగే పిలుస్తారు) ఆరు నెలలు ఖాళీ బండి తప్ప ఇవ్వలేదట. మొదట నేర్పినది బండి నడపటం కాదు, బండి నడపకుండా ఉండటం. ఇంజను వేయగానే కదలకూడదు. బ్రేకులకు గాలి నిండేదాకా ముల్లు చూస్తూ కూర్చోవాలి. ఆ నాలుగు నిమిషాలు ఆగలేనివాడు డ్రైవరు కాడంటాడట ఆయన. తరువాత ఇనుప రాడ్డుతో పది టైర్లనూ కొట్టి శబ్దం వినాలి. గాలి ఉన్న టైరు గంటలా పలుకుతుంది, లేనిది మూగగా ఉంటుంది. లోడు ఎంత ఉందో వీపుకు తెలియాలి. 2018లో ప్రభుత్వం పది టైర్ల బండి మొత్తం బరువును 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెంచింది. కాగితం మీద మూడున్నర టన్నులే. బ్రేకు మీద కాలు పెట్టేవాడికి అది తాను ఎక్కడ ఆగగలడో చెప్పే లెక్క. ఎదుటి బండి లైటు కళ్ళలో పడితే దానివంక చూడకూడదు, ఎడమ ప్రక్క తెల్లగీత చూడాలి. గేదె ఒకటి అడ్డంగా పోతే, రెండవది వెనకాల వస్తుందని తెలుసుకోవాలి. డీజిలు మిగుల్చుకోవడానికి పల్లంలో న్యూట్రల్ వేసేవాడిని చూస్తే తప్పుకొని దూరంగా పోవాలి.

ఇవన్నీ నేర్చుకోవచ్చట. నేర్చుకోలేనిది నిద్ర. ఈ మాట చెప్పేటప్పుడు అబ్బాయి గొంతు మారింది. టీ త్రాగినా, మొహం కడిగినా, పచ్చిమిరపకాయ కొరికినా, అద్దం దించి గాలికి తల పెట్టినా పది నిమిషాలే. రాత్రి రెండు దాటాక అయిదు లోపల నిద్ర అడిగి రాదు. "కళ్ళు మూతపడవండి అయ్యగారూ, తెరుచుకునే ఉంటాయండి. రోడ్డే మారిపోద్దండి" అన్నాడు. మొదటి నెలలోనే, అన్నవరం దాటాక, రోడ్డు పోయి చెరువు గట్టు కనబడిందట. గట్టు మీద వాళ్ళ నాన్న సైకిలు నిలబెట్టి ఉందట. దానికి తగలకుండా స్టీరింగు తిప్పబోయి, ప్రక్క బండి హారనుకు మెలకువ వచ్చింది. బండి ప్రక్కకు తీసి ఆపి, గురువుగారిని లేపకుండా గంటసేపు వణికాడట. లేపితే స్టీరింగు తీసేసుకుంటాడని భయం.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఒకటి 2025 వరకు ఉండేది. రోజుకు ఎనిమిది గంటలు, దూరప్రయాణమైతే పది గంటలకు మించరాదు, అయిదు గంటల పని తరువాత అరగంట విశ్రాంతి ఇవ్వాలి, ఇవన్నీ అందులో ఉండేవి. మేము అది చదివి ఎంతో సంతోషపడి అబ్బాయికి చెప్పాము. అతడు నవ్వి, "ఐసుకి చెప్పండయ్యగారూ" అన్నాడు. చేప ఐసులో ఉన్నంతసేపే చేప. హౌరా స్టేషను దగ్గరి చేపల మార్కెట్టులో వేలం తెల్లవారకముందే మొదలవుతుంది. నాలుగింటికి చేరిన లోడుకు ఒక ధర, ఏడింటికి చేరితే ఇంకొక ధర. ఆ మూడు గంటల తేడా కోసమే ఉండి నుండి హౌరా వరకు పదకొండు వందల కిలోమీటర్ల పైన నిద్ర లేకుండా పరుగు. పూర్వంకంటే నయమేనట. 2017లో జీఎస్టీ వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి, 2021 నుండి టోలుగేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది, 2025 నుండి తయారయ్యే పెద్ద లారీలకు డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ ఉండాలని ఆజ్ఞ వచ్చింది. వీళ్ళ బండి పాతది. ఏసీ అంటే వెనక ఉన్న ఐసే.

ఇంతకూ మేము ఈ సంగతులలో ఎలా పడ్డామో చెప్పలేదు. 2024 అక్టోబరులో ఒక ఆదివారం యౌవనస్థులు గుడికి రావడం లేదని గట్టిగా ప్రసంగించాము. ఎవరి పేరూ చెప్పలేదు గాని, రెండవ వరుసలో ఉన్న తల్లి తల దించుకుంది. ఆ మంగళవారం అబ్బాయి మా ఇంటికి వచ్చాడు, చేపల వాసనతోనే. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అయ్యగారూ, అమ్మ రెండ్రోజుల్నుంచి అన్నం తినట్లేదండి. మీరు ఆదివారం ఆదివారం అంటారు. నా ఆదివారం బాలాసోర్‌లో మొదలెట్టి ఖరగ్‌పూర్‌లో అయిపోద్దండి. నేనెక్కడ దిగి గుడికెళ్ళనండి? ఓసారి నాతో రండి. చూద్దురుగాని."

కోపంతో అన్నాడు. మేము కూడా కోపంతోనే "వస్తాను పద" అన్నాము. (సరుకు బండిలో సంబంధం లేని మనిషి ఎక్కరాదని, ఏదైనా జరిగితే బీమా కూడా వర్తించదని మాకు తరువాత తెలిసింది. ఇది చదివి ఎవరూ మమ్మల్ని అనుసరించవద్దు.)

నవంబరులో ఒక సోమవారం రాత్రి పది గంటలకు బయలుదేరాము. భీమవరం మీదుగా తాడేపల్లిగూడెం చేరి పెద్దరోడ్డు ఎక్కాము. తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, గోదావరి మీద వంతెనలు. బెర్తు మీద గురువుగారు, స్టీరింగు దగ్గర అబ్బాయి, క్లీనరు సీటులో మేము. మా భార్య పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. అది తుని దాటకముందే అయిపోయింది. గురువుగారు ఏ గుడికీ పోయే మనిషి కాడు. మమ్మల్ని చూసి, "పాస్టరుగారు ముందు కూర్చుంటే పోలీసులు ఆపరులే" అని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారేసరికి విశాఖ దాటాము. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో ప్రవేశించాక, మధ్యాహ్నం చిల్కా సరస్సు కుడిప్రక్కన కనబడింది. బాలుగావ్ దగ్గర దాబాలో భోజనం. అబ్బాయి చేయి కడుక్కొని, ఆ నీటి వైపు చాలాసేపు చూశాడు. "మా కొల్లేరు కూడా ఇలాగే ఉండేదంటండి నాన్న చిన్నప్పుడు. నేను చూళ్ళేదు" అన్నాడు. అయిదు నిమిషాల తరువాత టైర్లు కొట్టి చూసుకొని బండి ఎక్కాడు. ఆ పగలంతా మేము గమనించినది ఒకటే. ఈ పనిలో మాట్లాడేందుకు మనిషి ఉండడు. ఇద్దరు డ్రైవర్లున్నా, ఒకడు మేలుకుంటే రెండవవాడు నిద్రపోతాడు. మూడేళ్ళు ఒకే క్యాబిన్‌లో బ్రతికి, ఒకరితో ఒకరు అన్నం దగ్గర తప్ప మాట్లాడుకోని మనుష్యులు వాళ్ళు. ఒంటరితనం గురించి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము గాని, ఇంత ఇరుకైన చోట ఇంత ఒంటరితనం ఉంటుందని ఎరుగము. దాబాల దగ్గర సారా, ఇంకా ఇతరమైనవి డ్రైవర్లకు ఎందుకు ఎదురుపడతాయో వేరే చెప్పనక్కరలేదు. అబ్బాయి వాటి జోలికి పోడని గురువుగారు చెప్పాడు. "వాళ్ళమ్మ భయం" అన్నాడు.

భువనేశ్వరం, కటకం, మహానది దాటేసరికి చీకటి పడింది. భద్రక్ ప్రాంతంలో రోడ్డు ప్రక్క చెట్లు ఇంకా విరిగి పడి ఉన్నాయి. అంతకు కొద్ది వారాల ముందే, అక్టోబరు 24 అర్ధరాత్రి వేళ దానా తుఫాను ఆ తీరానే దాటింది. భద్రక్ దాటాక రొట్టెలు తిని మళ్ళీ బయలుదేరాము. గురువుగారు నిద్రపోయాడు. రాత్రి తొమ్మిదిన్నర అయి ఉంటుంది.

మా ముందు పోతున్న రెండు బండ్లు ఒకదాని వెనుక ఒకటి ఒక్కసారిగా కుడికి జరిగాయి. తరువాత మా లైటు పడింది. రోడ్డు అంచున సైకిలు, ప్రక్కనే పాలవాళ్ళ క్యాను ఒకటి, దానికి ఇవతల మనిషి. కాలు కదిలింది. మేము స్పష్టంగా చూశాము. అబ్బాయి యాక్సిలరేటరు మీద కాలు తీశాడు. మావైపు తిరిగి, "అయ్యగారూ..." అన్నాడు.

మేము ఏమన్నామో వ్రాయడానికే ఈ నెల ఈ పేజీ తీసుకున్నాము. "ఆగకు బాబూ. మన ఊరు కాదు. ముందు టోలుగేటులో చెబుదాం, పోనీయ్" అన్నాము.

అతడు పోనిచ్చాడు.

మాకు కారణాలు లేకపోలేదు. లారీ ఆగితే గుద్దినది ఆ లారీయేనని జనం పట్టుకొని కొడతారు. ఈ భయం వట్టి భయం కాదు, చట్టమే దానిని ఎరుగును. మోటారు వాహనాల చట్టంలో గాయపడినవాడికి డ్రైవరు వైద్యం చేయించాలని వ్రాసిన చోటనే, గుంపు ఆగ్రహం వలన వీలుకాకపోతే తప్ప అని కూడా వ్రాశారు. గుద్ది చెప్పకుండా పారిపోతే పదేళ్ళ వరకు జైలు అని కొత్త న్యాయ సంహితలో పెట్టినందుకు 2024 జనవరిలో దేశమంతటా డ్రైవర్లు బండ్లు ఆపివేశారు. ఆ జూలై 1న ఆ సంహిత అమలుకు వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను ప్రక్కన పెట్టారు. ఆగితే జనం, ఆగకపోతే జైలు, ఎటు పోవాలి అన్నది వాళ్ళ ప్రశ్న. ఇదంతా అబ్బాయి మాకు ఆ పగలే చెప్పాడు. ఆ క్షణంలో మాకు అదంతా జ్ఞాపకం వచ్చిందని చెబితే మాత్రం అబద్ధం. భయం వేసింది, అంతే. లూకా సువార్త 10వ అధ్యాయంలోని ఆ ఉపమానం మీద మా సేవాకాలంలో ముప్ఫైసార్లైనా బోధించి ఉంటాము. అందులో యాజకుడు ప్రక్కగా పోయాడని చెప్పి, ఆగి, సంఘం వంక చూసేవారము.

ఒక కిలోమీటరు పోయి ఉంటాము. అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. ఇండికేటరు వేసి, బండిని మెల్లగా ఎడమకు దించి ఆపాడు. "నా వల్ల కావట్లేదండి" అన్నాడు. వెనక్కి తిరిగి గురువుగారిని లేపి సంగతి చెప్పాడు. మేము పోనీయమన్న మాట మాత్రం చెప్పలేదు. గురువుగారు కళ్ళు నులుముకొని, "ఎంత దూరం?" అని ఒక్కటే అడిగాడు. తరువాత "టార్చి తియ్యి" అన్నాడు.

అబ్బాయి నడుస్తూనే 1033కు ఫోను చేశాడు. అది జాతీయ రహదారుల సహాయ నంబరు. తరువాత 108కు. మాకు ఒడియా రాదు, వాళ్ళకు తెలుగు రాదు, గురువుగారి హిందీ పనికొచ్చింది. మనిషి బ్రతికే ఉన్నాడు. ఏభై ఏళ్ళు ఉంటాయి. ఒక కాలు మోకాలి క్రింద ఉండవలసిన తీరున లేదు. గురువుగారు తన తువ్వాలు చింపి తొడ దగ్గర కట్టాడు, కదిలించవద్దన్నాడు. అబ్బాయి తుఫానుకు విరిగిన కొమ్మలు లాక్కువచ్చి ముప్ఫై అడుగుల వెనుక రోడ్డు మీద పరచి, టార్చి ఊపుతూ నిలబడ్డాడు. లేకపోతే వచ్చే బండి మమ్మల్నందరినీ త్రొక్కేసేది. మేము ఏం చేశామంటే, ఆ మనిషి తల దగ్గర నీళ్ళ సీసా పట్టుకొని కూర్చున్నాము. నీళ్ళు త్రాగించవద్దని గురువుగారు కసిరాడు. అప్పుడు సీసా ప్రక్కన పెట్టి చెయ్యి పట్టుకున్నాము. మేము చేసినది అంతే.

పొలాల వైపు నుండి జనం రానే వచ్చారు. ఏడెనిమిదిమంది ఉంటారు. మేము భయపడినదే జరిగింది. ఒకడు అబ్బాయి కాలరు పట్టుకొని రెండు దెబ్బలు వేశాడు. గురువుగారు మధ్యలోకి వెళ్ళి, కొట్టవద్దని బ్రతిమాలలేదు. "మా బండి అక్కడుంది. వెళ్ళి ముందు బంపరు తడిమి చూడండి. గీత ఉంటే మమ్మల్ని ఇక్కడే కట్టెయ్యండి" అని హిందీలో అన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద వెళ్ళి చూసి వచ్చారు. ఆ తరువాత వాళ్ళే మంచం తెచ్చారు, దీపం తెచ్చారు. కొట్టినవాడే అబ్బాయికి టీ తెచ్చి ఇచ్చాడు. నలభై నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. దాని వెనకాల పోలీసులు.

పాఠకులకు ఉపయోగపడుతుందని ఒక సంగతి వ్రాస్తున్నాము. రోడ్డు మీద పడినవాడికి సహాయం చేసినవారిని పోలీసులు గాని, ఆసుపత్రివారు గాని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు బలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఎ అనే సెక్షను చేర్చారు. సహాయం చేసినవాడు తన పేరు చెప్పాలన్న బలవంతం లేదు, అతడి మీద కేసు వేయడానికి వీలు లేదు. ఆ సెక్షనులో అలాంటి మనిషికి పెట్టిన పేరు మంచి సమరయుడు అనే. మన దేశపు బండ్ల చట్టంలో ఆ ఉపమానం పేరు ఉందని ఈ సంగతి జరిగే వరకు మాకు తెలియదు. గురువుగారికి ఆ సెక్షను సంగతి తెలుసో తెలియదో, పోలీసు అడగగానే తన పేరు, ఫోను నంబరు చెప్పేశాడు.

హౌరా చేరేసరికి ఉదయం ఏడు దాటింది. వేలం పలుచబడింది. ఐసు సగం కరిగింది. ధర తగ్గిందని ఓనరు ఫోనులో చాలాసేపు అరిచాడు. ఎందుకు ఆలస్యమైందో అబ్బాయి చెప్పాడు. "ఆళ్ళూరోళ్ళు లేరా?" అని అవతలి నుండి వినబడింది. మేమూ దాదాపు ఆ మాటే అన్నవారము గనుక ఏమీ అనలేకపోయాము. ఇద్దరికీ కలిపి ఆ ట్రిప్పు బత్తాలో రెండు వేలు కోశాడు. మేము ఆ రెండు వేలు తీసి ఇచ్చాము. తీసుకోడు అనుకున్నాము. తీసుకున్నాడు, లెక్కపెట్టి వెయ్యి గురువుగారికి ఇచ్చాడు. మేము రైలులో తిరిగి వచ్చాము.

ఇక్కడితో అయిపోతే ఈ సంగతి వ్రాసేవారము కాము. మేము ఉండి చేరేసరికి ఆ వార్త మాకంటే ముందే చేరింది. అయ్యగారు లారీ ఆపించి రోడ్డు మీద చచ్చిపోతున్న మనిషిని బ్రతికించారని. చెప్పినది అబ్బాయి తల్లి. అబ్బాయి ఆమెకు ఫోనులో "అయ్యగారు ఉన్నారుగా, అందుకే ఆపాం" అన్నాడట. మమ్మల్ని ఎందుకు అలా కాచాడో ఇప్పటికీ తెలియదు. ఆ ఆదివారం ఆమె లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేము పల్పిటు వెనుక నిలబడి, సరిచేద్దామనుకొని, కూడిక అయ్యాక చెబుదాములే అనుకొన్నాము. కూడిక అయ్యాక అందరూ వచ్చి చేయి కలిపారు. క్రిస్మసు అయింది, కొత్త సంవత్సరం అయింది. ప్రక్క ఊరి సంఘంవారు ఆ అనుభవం మీద మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. ఆరోగ్యం బాగాలేదని చెప్పాము. అదొక అబద్ధం.

కాబట్టి ఇప్పుడు వ్రాస్తున్నాము. ఆపమన్నది మేము కాదు. ఆపినది ఆదివారం గుడికి రాడని మేము ప్రసంగంలో పొడిచిన అబ్బాయి, దిగి కట్టు కట్టినది ఏ గుడికీ పోని పెద్దమనిషి. ఈ పత్రిక రెండవ వరుసలో కూర్చునే ఆ తల్లి ఇంటికి కూడా పోతుంది. ఆమెకు చదువు రాదు, ప్రక్కింటి పిల్ల చదివి వినిపిస్తుంది. అంతకంటే ముందే మేము వెళ్ళి చెప్పాలి. ఈ కాగితం పూర్తిచేసి వెళతాము.

ఆ ఒడిశా మనిషి ఏమయ్యాడని చాలామంది అడుగుతుంటారు. మేము గురువుగారిని అడిగాము. ఆయనకు ఫోను ఏమీ రాలేదట. "రాలేదంటే బతికినట్టే లెక్క. పోతే సాక్ష్యానికి పిలుద్దురు" అన్నాడు. ఇదే మాకు తెలిసినది.

అబ్బాయి ఇప్పుడు కూడా హౌరా లైనులోనే ఉన్నాడు. ఆదివారాలు రాడు. బుధవారం రాత్రుళ్ళు ఎక్కడ బండి ఆపితే అక్కడి నుండి ఒక పది నిమిషాలు ఫోను చేస్తాడు. ప్రార్థన చేస్తాము, కొన్నిసార్లు మాటలే. నిన్న చేశాడు. ఖుర్దా దాటాడట, వాన పడుతోందట, గురువుగారు పడుకున్నారట. "ఇంకో గంటకి ఆయన్ని లేపేత్తానండి, నాకు నిద్రొత్తంది" అన్నాడు.